చెల్లుచీటీ ఎవరి పేరున?

తెలుగు బైబిలు చదివేటప్పుడు నన్ను ఎప్పుడూ ఆపే మాటలు రెండున్నాయి: పశ్చాత్తాపం, మారుమనస్సు. బయట మనం రెండిటినీ ఇంచుమించు ఒకే అర్థంలో వాడేస్తాం. మత్తయి సువార్తని తెలుగు చేసినవాళ్ళు మాత్రం వాటిని కలిపేయలేదు. యేసును 30 వెండి నాణేలకు అప్పగించిన యూదా చివరికి పడింది పశ్చాత్తాపం. యోహాను, యేసు జనాన్ని పిలిచింది మారుమనస్సుకి. గ్రీకు మూలంలోనూ ఇవి వేర్వేరు మాటలే.

యూదాకి తన తప్పు తెలుసు. నోటితో ఒప్పుకున్నాడు, డబ్బు తిరిగిచ్చేశాడు. అయినా బతకలేకపోయాడు. ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకిన పేతురు కూడా ఏడ్చాడు, కానీ బతికాడు. ఇద్దరూ కుమిలిపోయినవాళ్ళే. మరి తేడా ఎక్కడుంది? తెలుగు క్రైస్తవ కీర్తనల్లో మంచివి వెతికింది ఈ ప్రశ్నకి జవాబునే అనిపిస్తుంది నాకు.

మాది కూచిపూడి దగ్గర పల్లెటూరు. చర్చికెళ్ళే ఇల్లు కాదు. అయినా పేటలోని చర్చి మైకు పుణ్యమా అని ఈ కీర్తనలు చెవిన పడుతూనే పెరిగాను. వాటిని పుస్తకంగా చదివింది మాత్రం ఉద్యోగంలో చేరాకే. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం కనిపిస్తాయి. అందులో పెద్ద గొంతు పురుషోత్తమ చౌదరిది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890లో కన్నుమూసిన మనిషి. కొత్త నమ్మకాన్ని ఆయన పాత బాణీల్లోనే పాడుకున్నాడు. పల్లవి, చరణాలు, వేడుకోలు అన్నీ మన కీర్తన పద్ధతే. మరి కొత్తగా వచ్చిందేమిటి?

దీన్ని కూచిపూడి నుంచి చూడటం తేలిక. ఈ ఊరిని కళాకారులకి అగ్రహారంగా ఇచ్చింది గోలకొండ ఏలిన అబుల్ హసన్ తానీషా అని చెప్పుకుంటారు. భద్రాచలం గుడి కోసం సర్కారు పైకం ఖర్చుపెట్టాడని కంచెర్ల గోపన్నని, అంటే రామదాసుని, ఖైదులో వేయించింది కూడా ఆ తానీషానే. చెరలో రామదాసు తనని తాను నిందించుకోడు, రాముణ్ణి నిలదీస్తాడు. ఎంత ఖర్చుపెట్టి చేయించానో లెక్క చెప్పి మరీ దెబ్బలాడతాడు. ఇక కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామ సంగతి చూడండి. గర్వం వల్ల కృష్ణుణ్ణి దూరం చేసుకుంటుంది, విరహంతో వేగిపోతుంది, మాధవి చేత ఉత్తరం పంపుతుంది. అంతటి బాధలోనూ తన మీద తనకి అసహ్యం కలగదు. ఆ దర్జా అలాగే ఉంటుంది. అలగడం, నిలదీయడం, బతిమాలడం మన భక్తికి బాగా తెలిసిన భాష. ‘నేరం నాదే, నన్ను నేనే క్షమించుకోలేకపోతున్నాను’ అనే మనిషికి ఈ రెండు చోట్లా మాట దొరకదు. చౌదరి కీర్తన ఆ మనిషికి మాట ఇచ్చింది.

అలాగని పరాయి సరుకేమీ కాదది. రామదాసు కథ చివర్లో రామలక్ష్మణులే వచ్చి తానీషాకి 6 లక్షలు కట్టి రసీదు తీసుకున్నారంటారు. అప్పు ఒకరిది, కట్టింది ఇంకొకరు, విడుదలైంది అప్పున్నవాడు. ఈ కథ తెలిసిన తెలుగువాడికి సిలువని వేరే వివరించాలా! ‘ప్రాయశ్చిత్తం’ అనే మాట కూడా ఇలాగే తిరగబడింది. ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాడు చేసుకోవాలి: ఉపవాసం, దానం, తీర్థయాత్ర. తెలుగు బైబిల్లో లేవీయకాండానికి వస్తే జనం కోసం యాజకుడు చేస్తాడు. మాట అదే, చేసే చెయ్యి మారింది. యూదా తన తీర్పు తానే రాసుకుని, శిక్షా తానే వేసుకున్నాడు. పేతురు ఆ పని ఇంకొకరికి వదిలేశాడు. మంచి కీర్తనలో వచ్చే శాంతి ఇదే. తప్పు చిన్నదైపోదు, న్యాయమూర్తి కుర్చీలోంచి మనం లేస్తాం.

మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సర్వర్ పడిపోతే ‘బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్’ అని ఒకటి పెడతాం. ఎవరినీ వేలెత్తి చూపకుండా ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని రాసుకుంటాం. మంచి పద్ధతే, కాదనను. కానీ అక్కడ ఊరట దొరికేది తప్పు సిస్టమ్‌ది అనుకోవడం వల్ల. ఇంట్లో ఒక మనిషిని నొప్పించినవాడికి ఆ ఊరట చాలదు. చేసింది తానే అని వాడికి తెలుసు. కీర్తన వాడితో అబద్ధమాడదు. చేసింది నువ్వే అంటుంది. అంటూనే తలెత్తుకోమంటుంది.

దీనిమీద రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ గట్టివే. మొదటిది, ఇది చవకగా తప్పించుకునే దారి కాదా అని. దెబ్బ తిన్నవాడు అలాగే ఉండగా కొట్టినవాడు మోకరించి మనశ్శాంతి తెచ్చుకుంటే ఎలా? దీనికి లూకా సువార్తలో జక్కయ్య ఉన్నాడు. గోపన్నలాగే అతనూ పన్నులు వసూలు చేసేవాడే. యేసు తన ఇంట్లో అడుగుపెట్టాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు. ఈ వరస ముఖ్యం. చెల్లించాక చేరదీయలేదు, చేరదీశాక చెల్లించడానికి లేచాడు. జక్కయ్య దాకా రాని పాట నాకు సగం పాటలాగే వినిపిస్తుంది.

రెండోది ఇంకా కష్టమైనది. ‘నేను పాపిని’ అని పైకులంలో పుట్టినవాడు రాసుకుంటే అది గర్వం దిగడం. అదే పాట, ఊరు తరతరాలుగా అంటరానివాళ్ళన్న మాలమాదిగ పేటల్లో పాడితే? ఊరు వేసిన నిందకి దేవుడి సంతకం కూడా తోడైనట్టు కాదా? గుర్రం జాషువా ఈ చోట గుర్తొస్తాడు. ‘గబ్బిలం’లో ఆయన వేలు తనవైపు కాదు, సమాజం వైపు చూపించాడు. అదే చేత్తో ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశాడు. 1964లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. చేసిన తప్పుకి కుమిలిపోవడం వేరు, పుట్టుకకి సిగ్గుపడేలా చేయబడటం వేరు. మొదటిదానికి క్షమ కావాలి, రెండోదానికి న్యాయం కావాలి. అందరూ పాపులే అన్నప్పుడు అగ్రహారమూ ఆ లెక్కలోకే వస్తుందని పేట విన్నదంటే, ఆ పాట పనిచేసినట్టే. పేటకి మాత్రమే వర్తిస్తుందని వినిపిస్తే, ఎక్కడో పాట తప్పింది.

అందుకే ఈ కీర్తనల మంచిచెడ్డలు చూడటానికి రాగం, ఛందస్సు, భాష ఒక్కటే సరిపోవనుకుంటాను. ఆఖరి చరణానికి వచ్చేసరికి పాడే మనిషి ఏ భంగిమలో ఉన్నాడో కూడా చూడాలి. ఇంకా నేలచూపులే చూస్తూ తనని తాను కొట్టుకుంటుంటే, అది ఎంత కమ్మని రాగమైనా యూదా పాటే. లేచి, ఎవరికి ఎంత తిరిగివ్వాలో లెక్కచూసుకుంటుంటే అది జక్కయ్య పాట. చౌదరి కీర్తనల్లో నేను మళ్ళీ మళ్ళీ చదివేవి రెండో రకానివి.