ఫ్లెక్సీ మీద ప్రభువు

తెలుగు క్రైస్తవుల్లో ప్రతిమలను గురించిన తగాదా మాటల దగ్గరే మొదలవుతుంది. ఆర్.సి.ఎం. వారు, అంటే రోమన్ కతోలికులు, గుడిలో నిలిపిన మరియమాత రూపాన్ని ‘స్వరూపం’ అంటారు, గోడకు తగిలించినదైతే ‘పటం’ అంటారు. అదే రూపాన్ని పక్క వీధి బాప్టిస్టు సంఘస్థుడు ‘విగ్రహం’ అన్నాడంటే ఆ ఒక్క మాటతోనే తీర్పు చెప్పేసినట్టు. చెక్కిన రూపాలకు మొక్కరాదని నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉన్న నిషేధాన్ని కతోలికులు, లూథరన్లు మొదటి ఆజ్ఞలోనే కలిపి లెక్కిస్తారు గాని, ఆంగ్లికన్లు, బాప్టిస్టులు దాన్ని విడదీసి రెండవ ఆజ్ఞగా ఎంచుతారు. అందువల్ల ఒక ఇంటి పిల్లవాడు కంఠతా పట్టిన రెండవ ఆజ్ఞ పొరుగింటి పిల్లవాడికి మూడవది అవుతుంది.

ఈ శీర్షికను విడవకుండా చదివేవారికి ఫ్లెక్సీల మీద దీనికున్న అక్కసు కొత్త కాదు గనుక, ఈ వారం చింతలపూడిలో ఉజ్జీవ సభల కోసం కట్టిన ఒక ఫ్లెక్సీ ఆ అక్కసును మళ్లీ రాజేసిందంటే వారు ఆశ్చర్యపోరు. నీలికళ్లు, తేనెరంగు జుట్టు, ముడత అన్నదే ఎరగని కంప్యూటరు చర్మం గల క్రీస్తు ఒక మూల మేఘాల్లో చేతులు చాచి నిలబడగా, ప్రసంగీకుని ముఖం ఆయన ముఖానికి రెండింతలుంది, దాతల ముఖాలు గుండ్రని చట్రాల్లో ఆయన పాదాల కింద వరసగా కూర్చున్నాయి. కుంచె పట్టి బోర్డులు రాసే పెయింటర్లు ఉన్న రోజుల్లో ఇదే ప్రభువు కాస్త మెల్లకన్నుతో, కాస్త మెట్ట రైతు దవడలతో కనబడేవాడని, చెయ్యి తిరగక వచ్చిన ఆ తప్పుల వల్లనే ఆయన ఈ ఊరివాడయ్యేవాడని ఇక్కడ ఇదివరకే రాయడం జరిగింది.

ఫ్లెక్సీ మీది ముఖానికి పెద్ద వంశవృక్షమే ఉంది. షికాగో చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో వేసిన క్రీస్తు ముఖచిత్రం 50 కోట్లకు పైగా ప్రతులుగా లోకమంతా పాకిందని అంచనా. తెలుగు ఇళ్ల క్యాలెండర్ల మీద, ఆటోల అద్దాల మీద, పెళ్లి శుభలేఖల మీద కనబడే ముఖాల్లో దానికి చుట్టరికం లేనివి తక్కువ. ప్రార్థనలో కళ్లు మూసుకున్నవానికి లోపల కూడా ఆ ముఖమే కనబడుతున్నదంటే, బొమ్మ భక్తికి తోడు రావడం మాని భక్తికే అచ్చు పోస్తున్నట్టు. దీనికి విరుగుడుగా ఈ శీర్షిక డోర్నకల్‌ను చూపించడం ఎన్నోసారో వేళ్ల మీద లెక్కపెట్టే పాఠకులు ఉన్నారు, వారు మన్నించాలి: 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య కట్టించగా 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కెథీడ్రల్, అంటే బిషప్పు పీఠం ఉండే ప్రధాన దేవాలయం, దక్షిణాది గుడి స్తంభాల పోకడను, మసీదు గుమ్మటాల పోకడను ఒక్క కప్పు కిందికి తెచ్చింది. గోడల మీద ఏ రూపమూ వద్దన్న సంఘాలకైతే పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలే పటాలుగా పనిచేశాయి, ఎందుకంటే గోడ మీద గీయనిది రాగం కట్టి గీయడానికి ఏ ఆజ్ఞా అడ్డం రాలేదు.

వాదం ఇంత సాఫీగా నడుస్తుండగా ‘కరుణామయుడు’ అడ్డం పడుతుంది. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో 1978లో వచ్చిన ఈ సినిమా థియేటర్లలో ఆడి ఊరుకోలేదు, 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లు మోసుకుని తిరిగిన సువార్త బృందాలు దాన్ని పల్లెపల్లెకూ తీసుకెళ్లాయి, హిందీలో అది ‘దయాసాగర్’ అయి మరింత దూరం పోయింది. రెండు వాసాల మధ్య బిగించిన తెల్లగుడ్డకు ముందువైపు పెద్దవాళ్లు, వెనకవైపు పిల్లలు కూర్చుని చూసేవారు, వెనక కూర్చున్నవారికి ప్రభువు ఎడమచేత్తో ఆశీర్వదించేవాడు. క్రీస్తుగా నటించిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులు మనవడు. 1983లో ‘ఆంధ్రకేసరి’లో తాతగారి పాత్రను, 1986లో ‘శ్రీ షిరిడీ సాయిబాబా మహత్యం’లో బాబా పాత్రను కూడా ఆయనే వేశాడు. ఒకే ముఖం ఒక గడపలో క్రీస్తుగానూ పక్క గడపలో సాయిగానూ నమస్కారాలు అందుకున్నప్పుడు, ఏ మతానికి ఏ ముఖం తగినదని తేల్చే ప్రశ్నకు చోటెక్కడ మిగిలింది? తెర మీద సిలువ లేచేసరికి కొంగుతో కళ్లు ఒత్తుకున్నవారు ఆ నటుని ముఖంలో పాలస్తీనా పోలికలున్నాయా, గోదావరి పోలికలున్నాయా అని చూడలేదు. పెట్రోమాక్స్ లైటు వెలిగించాక కూడా చాలాసేపు కదలకుండా కూర్చున్న ఆ జనం కోసం డోర్నకల్ స్తంభాల్లో ఒక్కటైనా ఇంతటి పని చేసిందా అన్నది ఈ శీర్షిక ఇన్నాళ్లూ వేసుకోకుండా తప్పించుకున్న ప్రశ్న.

గుణదల దగ్గర ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి 1924లో బెజవాడ పక్క కొండ మీద నిలిపిన లూర్దుమాత స్వరూపం తెల్లని వస్త్రం, నీలి నడికట్టుతో పూర్తిగా ఫ్రెంచి పోకడలోనిదే. దాని మూలరూపాన్ని, ఫ్రాన్స్‌లోని లూర్దు గుహలో 1858లో బెర్నదెత్ సుబీరు అనే బాలికకు కలిగిన దర్శనాల ఆధారంగా, లియోన్ శిల్పి ఫబిష్ చెక్కగా 1864లో ప్రతిష్ఠించారు. అయితే ఆ శిల్పం తాను చూసిన రూపంలా లేదని బెర్నదెత్ స్వయంగా పెదవి విరిచింది. అంటే ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల కొండెక్కే జనం, చూసిన ఏకైక సాక్షి కాదన్న పోలికకు ఇక్కడ అచ్చులో దిగిన నకలు ముందు నిలబడుతున్నారన్న మాట. కొండ మీద తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, వారిలో హిందువులూ తక్కువేమీ కాదు. ఆరాధన దేవునికే చెందుతుందని, ప్రతిమకు చెల్లించేది గౌరవం మాత్రమేనని, ఆ గౌరవం కూడా ప్రతిమ దగ్గర ఆగకుండా మూలమూర్తికి చేరుతుందని 787లో రెండవ నైసియా మహాసభ గీసిన గీతను కొబ్బరికాయ పట్టుకున్న చెయ్యి ఆ క్షణంలో తలచుకుంటుందని చెప్పలేం గాని, మూలమూర్తికి చేరే మొక్కుకు దారిలో బొమ్మ పోలిక అడ్డం రాలేదని మాత్రం ఒప్పుకోవలసి వస్తుంది.

విదేశీ కొమ్మను నాటు వేరు మీద అంటు కట్టాలని ఈ శీర్షిక వాడిన పాత ఉపమానం కూడా నూజివీడు తోటల వాళ్ల ముందు నిలవదు. నాటు టెంక నుంచి లేచిన మొక్క మీద చిన్నరసం కొమ్మ కడితే కాసేది చిన్నరసమే. వేరు నీరందిస్తుంది తప్ప కాయ రుచిని మార్చదు. పోలిక తెచ్చినవారి వాదాన్నే పోలిక కాటేసినప్పుడు ఇక మాట్లాడకపోవడం మేలు.

సభలు ముగిశాక ఫ్లెక్సీలు తోటలకు చేరడం ఈ ప్రాంతంలో మామూలే. కోత కాలంలో కావలివాళ్లు వాటిని పాక కప్పు మీద పరుస్తారు, రాశి పోసిన కాయల మీద కప్పుతారు, కింద పరుచుకుని పడుకుంటారు. నాయకుల ఫ్లెక్సీలు, సినిమా హీరోల ఫ్లెక్సీలు ఏ వైపు పడితే ఆ వైపు ఎండకు వెలిసిపోతుంటాయి. క్రీస్తు ఉన్న ఫ్లెక్సీని కింద పరిచిన పాక మాత్రం కనబడదు. దాన్ని కప్పుకే కడతారు, అదీ బొమ్మ ఉన్న వైపు లోపలికి తిప్పి. నీలికళ్లూ తేనెరంగు జుట్టూ అలాగే ఉంటాయి. కప్పు అంచు కింద మడతపడిపోయేది దాతల ముఖాల వరస.