ఒళ్లు చూసి బండి కొనాలి

పాత కారు కొని బాగుచేయించుకోవాలన్న కోరిక పుట్టినవాళ్లు బండి దగ్గరికి వెళ్లగానే ఇంజన్ స్టార్టు చేయమంటారు. చప్పుడు వింటారు, పొగ రంగు చూస్తారు, తృప్తిపడి అడ్వాన్సు చేతిలో పెడతారు. నిజామాబాద్ షెడ్లలో చెయ్యి తిరిగిన మిస్త్రీ అలా చేయడు. బానెట్ జోలికి పోకుండా గోనెసంచి పరుచుకుని ముందు బండి కిందికి దూరతాడు. "ఇంజన్‌దేముంది సార్, చేస్కుంటం. ముందు ఒళ్లు జూడుండ్రి" అంటాడు. పాత బండి ఎంపిక గురించి ఇంతకన్నా అక్కరకొచ్చే మాట నాకు తెలియదు.

ఈ జిల్లాలో పాత బండ్ల కథ చెరకు దగ్గర మొదలవుతుంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లు కాలువలకెక్కాక బోధన్ చుట్టూ చెరకు నిలదొక్కుకుంది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు గర్వంగా చెప్పుకునేవారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ పరిసరాల్లో క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. చెరకు డబ్బు చేరిన ఇళ్లలోకి ట్రాక్టరు వచ్చింది, దాని వెనకే జీపో అంబాసిడరో వచ్చింది. కాలువ గట్ల మీదా, వానకు జారే నల్లరేగడి బాటల మీదా తిరగడానికి ఆ రోజుల్లో దొరికిన గట్టి బండ్లు అవే. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. ఆనాటి బండ్లు కొన్ని ఇప్పటికీ పశువుల కొట్టాల పక్కన, టార్పాలిన్ల కింద మిగిలే ఉన్నాయి.

క్లాసిక్ కారు అనగానే చాలామందికి హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని ఆర్డరు ఇచ్చి, బండి చేతికి రాకముందే 1911లో కన్నుమూశాడు. నిజాముల ఊరేగింపులకే పరిమితమైన ఆ సింహాసనపు కారు తన జీవితకాలంలో నాలుగు వందల మైళ్లయినా తిరగలేదు. దశాబ్దాలు మూలన పడి ఉన్నా దానికి మళ్లీ ప్రాణం పోయగలిగారంటే, బండి ముక్కలైపోకుండా ఒక్కచోటే ఉండటం పెద్ద కారణం. అలాంటి బండి మనలాంటివాళ్లకు దొరకదు, దొరికినా దానికి చెయ్యి వేయగలవాళ్లు జిల్లాలో ఉండరు. ఏ బండి పని తెలిసిన చేతులు ముప్ఫై నలభై కిలోమీటర్ల లోపల ఇంకా ఉన్నాయో, ఆ బండినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. నిజామాబాద్‌లో ఆ లెక్కన మొదట నిలిచేవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు.

మిస్త్రీ ఒళ్లు చూడమన్నది జంగు గురించి. సముద్రం గాలి లేదు కదా, ఇక్కడి బండికి తుప్పెక్కడిది అనుకోవద్దు. డిక్కీలో యూరియా, డీఏపీ బస్తాలు మోసిన బండికి ఎరువు లవణాలు మూలల్లో చేరి చెమ్మ తగిలినప్పుడల్లా రేకును తింటాయి. కాలువ కింది పొలాల బురద మడ్‌గార్డుల లోపల అట్టకట్టి వేసవిలోనూ తడి నిలుపుకుంటుంది. మట్టినేల మీద ఏళ్ల తరబడి కదలకుండా నిలబెట్టిన బండికి కింది నుంచే చెమ్మ ఎక్కుతుంది. ఎలుకలు వైరింగు కొరకడం, సీట్లలోని కొబ్బరిపీచు లాగి గూళ్లు కట్టడం వేరే ఖర్చు, కానీ అది తేలిగ్గా తీరేదే.

చూసే పద్ధతి ఇది. చిన్న అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి జేబులో వేసుకెళ్లండి. తలుపుల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు మీద ముందు నుంచి వెనక్కి మెల్లగా జరపండి. మంచి రేకు ఉన్నచోట అది పట్టుకుంటుంది. ఒకచోట పట్టు వదిలి జారిపోయిందంటే అక్కడ రంగు కింద ఉన్నది లప్పమే. అదేచోట వేలి కణుపుతో తట్టితే ఖంగుమనే చప్పుడు పోయి మెత్తగా వినిపిస్తుంది. తర్వాత లోపలి మ్యాట్లు పూర్తిగా ఎత్తించండి, అమ్మేవాళ్లు నొచ్చుకున్నా సరే. డ్రైవరు పాదాల దగ్గర, వెనక సీటు కింద, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంతలో, కమాన్ పట్టీలు బాడీకి బిగిసేచోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. మొన దిగబడితే ఆ బండి ఎముకలు పోయినట్టే. చివరగా తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తండి. కీలు అరిగి కదిలితే పిన్ను మార్చుకోవచ్చు. కీలుతోపాటు స్తంభం కూడా కదిలితే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

స్తంభం గురించి అంతగా ఎందుకు చెబుతున్నానంటే, అంబాసిడర్‌కు లారీలా విడిగా చాసిస్ లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఆ బండిలో నేల, రన్నింగ్ బోర్డులు, స్తంభాలు, పైకప్పు కలిసి బరువు మోస్తాయి. రన్నింగ్ బోర్డులు కుళ్లితే బండి నడుమే కుంగుతుంది, తలుపులు మూతపడవు. పద్మినిదీ అదే కట్టుబడి. జీపు తీరు వేరు, కింద రెండు బలమైన దూలాలున్న చాసిస్, దాని మీద బోల్టులతో బిగించిన తొట్టి. తొట్టి మొత్తం పోయినా కొత్తది చేయించుకోవచ్చు. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్‌కూ విడి చాసిసే ఉంది. బాడీని ఎత్తి పక్కన పెట్టి పని చేసుకోవచ్చు కాబట్టి కొత్తవాళ్లకు అది మంచి బండే, కానీ సామాన్లు దొరకడం కష్టం, మన వైపు ఆ పని తెలిసినవాళ్లూ అరుదు.

ఇంజన్ సంగతి మిస్త్రీ అంత తేలిగ్గా ఎందుకన్నాడో చెప్పాలి. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ బి సిరీస్ కుటుంబానిది. ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ మొదట ఉన్నది ఆ కుటుంబపు 1489 సీసీ ఇంజనే. ఇనుప బ్లాకు, సాదాసీదా అమరిక, కరెంటు మెదడు ఏదీ లేదు. ఇంజన్ బోరుకొచ్చిందంటే లేత్ షాపులో సిలిండర్లు కొద్దిగా పెద్దవి చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్లు వేస్తారు. అందుకే అనుభవమున్న మిస్త్రీ "ఏ సైజుల ఉన్నది?" అని అడుగుతాడు. స్టాండర్డ్ తర్వాత ఇరవై, నలభై, అరవై. ఇవి అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. స్టాండర్డులో ఉన్న ఇంజన్‌కు ఇంకా మూడు జన్మలున్నట్టు. అరవైకి చేరిన బ్లాకుకు స్లీవులు దించి మళ్లీ మొదటి కొలతకు తేవాలి, ఖర్చు పెరుగుతుంది గానీ దారి మూసుకుపోదు. కొనేముందు మీరు తేల్చుకోవాల్సింది, ఉన్న ఇంజన్ ఆ బండిదేనా అన్నది. పెట్రోలు అంబాసిడర్లలో డీజిల్ ఇంజన్లు దించుకున్నవి చాలా ఉన్నాయి. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే చిక్కులు కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటాయి.

లోపించిన చిన్న సామాన్లు పెద్ద ఇంజన్ పనికన్నా ఎక్కువ ఏడిపిస్తాయి. హెడ్‌లైట్ల చుట్టూ ఉండే రింగులు, అద్దాల చుట్టూ నికెల్ పట్టీలు, డ్యాష్‌బోర్డు మీటర్లు, తలుపు పిడులు, బానెట్ మీది పేరు ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతకాలంటే ఏళ్లు పడుతుంది. 1975లో మార్క్ 3 రాకముందటి అంబాసిడర్లకు ఈ బాధ మరీ ఎక్కువ. అంబాసిడర్ తయారీ 2014 దాకా సాగింది, కలకత్తా ట్యాక్సీల పుణ్యమా అని మల్లిక్ బజార్‌లో సామాన్లు ఇంకా దొరుకుతాయి. పద్మినికి బొంబాయి దిక్కు. అక్కడి పద్మిని ట్యాక్సీల గడువు 2023 అక్టోబరుతో ముగిసింది కాబట్టి ఆ నిల్వ ఇక తరిగేదే. కాబట్టి రంగు వెలిసిపోయి, ఇంజన్ బిగుసుకుపోయినా సామాన్లన్నీ ఉన్న బండి, రంగు మెరుస్తూ సగం సామాన్లు లేని బండికన్నా ఎన్నో రెట్లు నయం.

జీపుల విషయంలో ఒక హెచ్చరిక. హర్యానాలోని మండీ డబ్వాలీ కొత్త జీపు బాడీలకు పేరుపడ్డ ఊరు. పాత విల్లీస్ పేరుతో అమ్ముడుపోయే వాటిలో చాసిస్ ఒకచోటిది, తొట్టి ఒకచోటిది, ఆర్‌సీ మరోచోటిది అయినవి ఉంటాయి. చూడముచ్చటగా ఉన్నా వాటికి చరిత్ర లేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది కూడా.

అందుకే ఒంటి తర్వాత చూడాల్సింది కాగితం. చాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయండి, దాన్ని ఆర్‌సీలోని నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. అంకెల చుట్టూ గ్రైండింగు గీతలు కనిపిస్తే ఆగిపోండి. జిల్లా బండ్లకు ఏపీ 25, ఆ తర్వాత 2024 దాకా టీఎస్ 16 నంబర్లు ఇచ్చారు. 1989కి ముందువైతే మూడక్షరాల పాత నంబర్లు. ఆర్‌సీలో పేరున్న యజమాని చనిపోయి వారసుల మధ్య బండి నిలిచిపోయి ఉంటే, వాళ్లందరి సంతకాలు అయ్యాకే డబ్బు ఇవ్వండి. యాభై ఏళ్లు దాటిన బండికి కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా రిజిస్టరు చేస్తే 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అక్షరాలు. ముందే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరును ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ కింద చేర్చిన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయాలే తప్ప రోజూ బజారుకు నడపకూడదు. రోజూ నడుపుకోవాలనుకునేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్ బతికున్న బండినే చూసుకోవడం మేలు.

ఇంతా చేసి ఈ పనిలో విలువైనదేమిటంటే, నా మటుకు నాకు అది టింకరింగ్ చేసే చెయ్యి. సొట్టపడి సాగిపోయిన రేకును సరిచేయడం చూడండి. సాగిన చోట గ్యాసు మంటతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాలుస్తాడు. లోపలి వైపు ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి చెక్కసుత్తితో అంచుల నుంచి మధ్యకు తడతాడు. ఎరుపు తగ్గుతుండగానే తడిగుడ్డ అద్దుతాడు. చుయ్యిమన్న శబ్దంతో రేకు తనలోకి తాను ముడుచుకుంటుంది. ఆ తర్వాత కళ్లు పక్కకు తిప్పుకుని అరచేత్తో నిమిరి చూస్తాడు, కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. ఇలా పది చోట్ల చేస్తే లప్పం అవసరం దాదాపు పోతుంది. ఇప్పటి కార్లకు సొట్టపడితే తలుపు తలుపే మార్చేస్తున్నారు కాబట్టి ఈ విద్య నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోతున్నారు. నికార్సయిన పాత బండి ఒకటి షెడ్డులో ఆరు నెలలుంటే, ఉస్తాద్ పక్కన నిలబడి ఒక కుర్రాడు ఇది నేర్చుకుంటాడు. డబ్బు లాభం చూసుకుంటే ఈ పని గిట్టుబాటు కాదు. ఖర్చు పెట్టాల్సింది ఇందుకోసమే.

అన్నీ విప్పి కొత్తదిలా మెరిపించాలన్న తొందర కూడా వద్దు. ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ ఉన్నదాన్ని కాపాడటానికే మొదటి స్థానం ఇచ్చింది. ఫ్యాక్టరీ రంగు సగమైనా నిలిచి ఉంటే పాలిష్ పట్టి ఉంచండి. చిరగని పాత రెగ్జిన్ సీటును తడిగుడ్డతో తుడిచి వాడుకోండి.

నన్నడిగితే, మొదటిసారి చేసేవాళ్లకు 1980ల నాటి పెట్రోలు మార్క్ 4 అంబాసిడర్ చెబుతాను. అడ్వాన్సు ఇవ్వకముందే మిస్త్రీని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు కూలి ఆయనకు వేరుగా ఇవ్వండి. బండి ఇంటికి చేరాక సెల్ఫ్ కొట్టకండి. పాత ఆయిల్ దింపి, ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. మూడో రోజు చేత్తో ఫ్యాను పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. ఒక్క బోల్టు విప్పకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. విప్పిన బోల్టులను ఏ తలుపువి ఆ తలుపుకు వేరువేరు డబ్బాల్లో వేసి, మూతల మీద పేర్లు రాయండి.