బ్రౌన్ తీర్పు, ‘పాలేరు’ నాటకం: తరగతి గదిలో వేర్పాటు పాఠం

బడుల్లో జాతివివక్షను బోధించే అధ్యాపకునికి 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు సిద్ధంగా చేతికందే ఉదాహరణ. నల్లజాతి పిల్లలను వేరు బడులకు పంపడాన్ని అక్కడి రాష్ట్రాల చట్టాలే శాసించాయి, లేదా అనుమతించాయి. వేరు చేయడమే అసమానత అని కోర్టు తేల్చింది. గోడ కట్టిందీ, కూల్చిందీ చట్టమే. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల్లో ఈ కథ చెప్పి, ఆ వెంటనే మన రాజ్యాంగంలోని 17వ అధికరణానికి దాటుకోవడం సులువు. కొల్లేటి లంక గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థికి మాత్రం ఈ పోలిక సగం దూరమే తోడు వస్తుంది.

ఇక్కడ వేర్పాటు చట్టపు పుటల్లో కాక ఊరి నిర్మాణంలో ఉంది. పల్లె, పేట ఊరికి వెలుపల. బడి ఊరి నడుమ. 1843లో మచిలీపట్నంలో పాఠశాల ప్రారంభించిన రాబర్ట్ నోబుల్ సైతం అగ్రవర్ణాల పిల్లలు రావాలన్న ఉద్దేశంతో పంచములను చేర్చుకోలేదు. తర్వాతి కాలంలో మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ అణగారిన కులాలకు ప్రత్యేక పాఠశాలలు తెరిచింది. అమెరికాలో గోడగా నిలిచిన వేరు బడి ఇక్కడ ఎందరికో తొలి వాకిలి అయింది. వాకిలే అయినా, ఊరి బడి తలుపును అది మూసే ఉంచింది. ఈ ద్వంద్వాన్ని పక్కన పెట్టి బ్రౌన్ తీర్పును చెబితే పాఠం చదునైపోతుంది.

చంపకం దొరైరాజన్ కేసు మరింత చిక్కైనది. అప్పటికి ఏలూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. వృత్తివిద్యా కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో రెండింటిని హరిజనులకు కేటాయిస్తూ, తక్కినవాటిని ఇతర వర్గాలకు పంచిన కమ్యూనల్ జీవోను 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. జూన్‌లోనే తొలి రాజ్యాంగ సవరణ 15(4)ను చేర్చింది. సమానత్వం అనే మాట అక్కడ గోడను కూల్చడానికి పనికివస్తే, ఇక్కడ అప్పుడే తెరుచుకుంటున్న తలుపుకు అడ్డుపడింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివించే అధ్యాపకులు అరుదు.

తీర్పులు చెప్పని సంగతిని సాహిత్యం చెబుతుంది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న (1911–2005) ‘పాలేరు’ నాటకంలో బాలుణ్ణి బడికి దూరం చేసేది చట్టమూ కాదు, బడి తలుపూ కాదు. కామందు కొట్టంలోని పశువులు. చాకిరీకి కట్టుబడిన ఇంట చదువంటే ఒక జత చేతులు తగ్గడమే. పాలేరు చదువుకొని అధికారి కావడం నాటి ప్రేక్షకులకు కనువిప్పు కలిగించిందనడంలో సందేహం లేదు. నాటకానికి పరిమితి కూడా అక్కడే ఉంది. ఒక్కడు పైకెక్కాడు, కొట్టం అలాగే ఉంది, అతని స్థానంలోకి మరో పిల్లవాడు వస్తాడు. దీన్ని విజయగాథగా మాత్రమే పరీక్షల్లో రాయించడం వల్ల నాటకంలోని శ్రమ ప్రశ్న మరుగున పడుతోంది.

ఆ ప్రశ్న పాతబడలేదు. 2017లో భీమవరం సమీపంలోని గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహ వివాదం తర్వాత దళితులను సాంఘికంగా వెలివేసినప్పుడు ప్రయోగించిన ఆయుధాల్లో ముఖ్యమైనది పొలం పనులు ఇవ్వకపోవడమే. ‘పాలేరు’లో పని బిడ్డను కట్టి ఉంచితే, గరగపర్రులో పని నిరాకరణ కుటుంబాలను శిక్షించింది. వెలివేత అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని విద్యార్థికి తెలియాలి. కూలి దొరకని ఇంటి బిడ్డ బడికి ఎలా వెళ్తుందన్న ప్రశ్ననూ ఆలోచించాలి.

కొల్లేరు ప్రాంతంలో పొలం చాలాచోట్ల చేపల చెరువుగా మారింది. చెరువు గట్టున పాక వేసుకుని కాపలా ఉండే కుటుంబపు బిడ్డకు బడి ఎంత దూరమో ఆ తరగతిలోని విద్యార్థుల్లో కొందరికి స్వానుభవమే. బ్రౌన్ తీర్పుకు ముందు ‘పాలేరు’ను చదివించి, ఆ అనుభవాన్ని చెప్పే వీలు వారికి కల్పించడమే సరైన క్రమం. అప్పుడు అమెరికా కథ పరాయిదిగా తోచదు, పూర్తి సమాధానంగానూ తోచదు.