ఒకే చిప్పుకు ఇద్దరు వ్యాఖ్యాతలు

లినక్స్ కెర్నెల్ మూలకోడ్‌లో ఎస్‌డీహెచ్‌సీఐ అనే హెడర్ ఫైలు ఉంది. దాని మధ్యలో పొడవాటి చిట్టా ఒకటి, ఒక్కో బిట్టుకు ఒక్కో వాక్యం. ఈ కంట్రోలర్ క్లాక్ రిజిస్టరును కదిలించనిదే రీసెట్ కాదు. ఈ కంట్రోలర్ డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండా డేటా నేరుగా మెమరీకి చేరడం) చేతకాదంటుంది గానీ నిజానికి చేతనవును. కార్డు లేనప్పుడు రీసెట్ చేస్తే దీనికి పడదు. దీనిలో రైట్ ప్రొటెక్ట్ సంకేతం తలకిందులు. ల్యాప్‌టాప్ పక్కన మెమరీ కార్డు దూర్చే ఆ సన్నటి సందు వెనకాల ఇంత భాగోతం ఉందని మనలో ఎంతమందికి తెలుసు? వీటికి లినక్స్ వాళ్లు పెట్టుకున్న పేరు క్విర్కులు.

ఓపెన్‌బీఎస్‌డీలో ఇదే పని చేసే డ్రైవర్ పేరు ఎస్‌డీహెచ్‌సీ. అందులోనూ ఇలాంటి జెండాలున్నాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా ప్రమాణపత్రం చెప్పిన వరుసలోనే సాగుతుంది. లినక్స్ ఫైలు చదువుతుంటే చిప్పుల తయారీదారుల చరిత్ర చదివినట్టుంటుంది, ఇది చదువుతుంటే ప్రమాణమే చదివినట్టుంటుంది.

ఆ ప్రమాణం ఎస్‌డీ అసోసియేషన్‌ది. పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి 2000లో పెట్టిన సంస్థ అది. హోస్ట్ కంట్రోలర్ రిజిస్టర్లు ఏ కంపెనీ చిప్పులోనైనా ఒకే వరుసలో ఉండాలని, అప్పుడు ఒక్క డ్రైవర్ అందరికీ సరిపోతుందని దాని ఉద్దేశం. చిప్పు తనకేం వచ్చో తానే చెప్పుకోవడానికి కేపబిలిటీస్ రిజిస్టర్ కూడా పెట్టారు. చిక్కంతా ఆ రిజిస్టర్ దగ్గరే. చెప్పుకున్నది ఒకటి, చేసేది మరొకటి అయినప్పుడు ఆ తేడాను ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. రెండు సంప్రదాయాలూ విడిపోయేది ఆ రాసుకునే తీరులో.

పుట్టుకలో మాత్రం రెండూ ఒకే ఈడువి. పియర్ ఓస్మన్ రాసిన లినక్స్ డ్రైవర్, ఊవె స్ట్యూలర్ రాసిన ఓపెన్‌బీఎస్‌డీ డ్రైవర్ రెండూ 2006లోనే జనంలోకి వచ్చాయి. అప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండేవి రికో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఈఎన్‌ఈ లాంటి చిప్పులు. అయితే కార్డుకు వేషం కట్టడంలో ఇద్దరూ వేరు దారులు పట్టారు. లినక్స్‌లో మెమరీ కార్డుకు ఎంఎంసీబీఎల్‌కే అని సొంత పేరు, సొంత బ్లాక్ డ్రైవర్. ఓపెన్‌బీఎస్‌డీలో అదే కార్డు స్కజీ డిస్కు వేషంలో కనిపిస్తుంది. అప్పటికే నలిగి నమ్మకం కుదిరిన పాత పొరను మళ్లీ వాడుకోవడమే అక్కడి పద్ధతి. నెట్‌బీఎస్‌డీ ఆ కోడ్‌ను తెచ్చుకున్నాక ఈ స్కజీ వేషం తీసేసి తనకున్న వేరే డిస్కు డ్రైవర్‌కు తగిలించింది. నా మట్టుకు నాకు ఆ వేషమే ముచ్చటగా ఉంటుంది. కొత్త అతిథి కోసం కొత్త గది కట్టలేదు.

లినక్స్‌లో చిట్టా ఎందుకు పెరిగిందో మాట్లాడుకోవాలి. ఫోన్లు, క్రోమ్‌బుక్కులు, బోర్డులు, వాటి మీద నేరుగా అతికించిన ఈఎంఎంసీ చిప్పులు, అన్నీ ఈ డ్రైవర్ గుమ్మంలోకే వచ్చాయి. 32 బిట్ల పూర్ణాంకం నిండిపోతే రెండో పూర్ణాంకం తెరవాల్సి వచ్చింది. చివరకు ఈ దారి సరికాదని నిర్వాహకులే అన్నారు. ప్రతి వింతకూ ఒక బిట్టు పెట్టి ఉమ్మడి కోడ్‌లో ప్రతిచోటా అది ఉందా లేదా అని అడిగే బదులు, ఉమ్మడి ఫైలును గ్రంథాలయంలా ఉంచి, ఏ చిప్పు డ్రైవర్ ఆ చిప్పుకు కావలసిన ఫంక్షన్‌ను తానే అందించే పద్ధతికి మళ్లారు. తప్పులు చేసేవాడి తప్పులు వాడి ఇంట్లోనే ఉండాలన్నమాట. ఇది మంచి మలుపే. కాకపోతే పాత బిట్లు పోలేదు. తీసేద్దామంటే, 2005 నాటి రికో చిప్పున్న ల్యాప్‌టాప్ తెచ్చి పరీక్షించి పెట్టేదెవరు?

ఓపెన్‌బీఎస్‌డీ చిన్నదిగా ఉండటాన్ని చాలామంది నిగ్రహమంటారు. కొంత నిజమే. నిర్వహించలేని బ్లూటూత్ కోడ్‌ను 2014లో మొత్తం పెరికేసిన ప్రాజెక్టు అది. కానీ ఇక్కడ ఇంకో కారణముంది, దాన్ని అభిమానులు చెప్పరు. ఆ డ్రైవర్ చాలాకాలం డీఎంఏ జోలికే పోలేదు. డేటా అంతా ప్రాసెసరే మోసింది. డీఎంఏ అడగనివాడికి డీఎంఏలో చిప్పు చెప్పే అబద్ధాలు ఎదురుకావు, కాబట్టి వాటిని రాసుకునే అవసరమూ రాదు. లినక్స్ చిట్టా పొడుగులో సగం ఆ చిప్పులను లినక్స్ ఎంత ఎక్కువ అడిగిందన్నదానికే సాక్ష్యం. కోలాచలం మల్లినాథసూరిలా మూలాన్ని దాటి ఒక్క మాట రాయని వ్యాఖ్యాత ఒకడు, మూలానికి దొరికిన ప్రతి పాఠాంతరాన్నీ అంచున ఎక్కించేవాడు ఇంకొకడు. ఇద్దరి పుస్తకాల మందం చూసి పాండిత్యం తూచడం కుదరదు.

తేడా ఇంత ఉన్నా, ఇద్దరూ తప్పించుకోలేని చోట్లున్నాయి. ఈఎన్‌ఈ కార్డు రీడర్ పవర్ రిజిస్టరులో సున్నా రాస్తే సహించదు. లినక్స్‌లో దానికొక క్విర్కు ఉంటే, ఓపెన్‌బీఎస్‌డీలో సున్నా పవర్ వద్దనే జెండా ఉంది. అలాగే రికో చిప్పు. దాన్ని సరైన మోడ్‌లోకి నెట్టడానికి ఓపెన్‌బీఎస్‌డీ పీసీఐ ఫైలులో ప్రత్యేకంగా కొన్ని రాతలు రాయాల్సి వచ్చింది. అదే రికో ఎంఎంసీ కార్డులను తన సొంత కంట్రోలర్‌కు మళ్లించుకుంటుంటే, ఆ కంట్రోలర్‌ను మూసేయడానికి లినక్స్‌లో ఏకంగా ఒక చిన్న డ్రైవర్ పుట్టింది. లినక్స్‌ది జీపీఎల్, ఓపెన్‌బీఎస్‌డీది ఐఎస్‌సీ లైసెన్సు. లినక్స్ కోడ్ ఓపెన్‌బీఎస్‌డీలోకి రాకూడదు. చిప్పు గుణం గురించిన ఎరుకకు మాత్రం లైసెన్సు అడ్డం కాదు.

రియల్‌టెక్ పీసీఐ రీడర్ల విషయంలో ప్రమాణమే లేదు, వాటి రిజిస్టర్లు వాటివే. లినక్స్‌కు కంపెనీ ఇంజనీర్లే డ్రైవర్ ఇచ్చారు. మొదటిది ఇంకా కుదురుకోని కోడ్‌ను ఉంచే స్టేజింగ్ వాకిట్లో నిలబడింది, తిరగరాసినది 2013లో లినక్స్ 3.8తో లోపలికి వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీకి స్టెఫాన్ స్పెర్లింగ్ రాసిచ్చారు. ఆ ఫైలు నెత్తిన ఆయన పేరుతోపాటు ఊవె స్ట్యూలర్ పేరూ ఉంది, ఎందుకంటే పాత డ్రైవర్ ఎముకల మీదే కొత్తది కట్టారు.

పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఓస్మన్ 2009లో తప్పుకున్నాక లినక్స్ ఎంఎంసీ ఉపవ్యవస్థకు కొంతకాలం దిక్కెవరూ లేరు. నిర్వాహకుల జాబితాలో అది అనాథగా నమోదైంది. కోట్ల ఫోన్లలో నడిచే కోడ్ సంగతి ఇది. పిల్లలకు చవక ల్యాప్‌టాప్ ఇచ్చే ప్రాజెక్టులో పనిచేసే క్రిస్ బాల్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు, తర్వాత ఉల్ఫ్ హాన్సన్. ఓపెన్‌బీఎస్‌డీలో అసలు అలాంటి జాబితా ఉండదు, ఎవరికి ఆ యంత్రం ఉంటే వాళ్లు తాకుతారు. బూట్ సందేశాలను ప్రాజెక్టుకు పంపమని వాడుకరులను అడుగుతారు. ఏ చిప్పు ఇంకా బతికుందో తెలిసేది చాలావరకు అలాగే. పెద్ద సంస్థల జీతాల మీద నడిచే చోట ఖాళీ కుర్చీ బయటికి కనిపించింది, కుర్చీయే వేయని చోట ఖాళీ అయినా తెలియదు. ఏది మేలో నేను తేల్చను.

డ్రైవర్ రాయడం నేర్చుకునే కుర్రవాళ్లకు మాత్రం ఒక మాట చెబుతాను. ముందు ఓపెన్‌బీఎస్‌డీ ఫైలు చదవండి, ఎస్‌డీ అసోసియేషన్ ఉచితంగా ఇచ్చే సంక్షిప్త ప్రమాణాన్ని పక్కన పెట్టుకుని. ఆ తర్వాతే లినక్స్ చిట్టాకు వెళ్లండి. ఫ్రీబీఎస్‌డీకి రియల్‌టెక్ డ్రైవర్ కావలసి వచ్చినప్పుడు, పత్రాలేవీ దొరక్క, అది రాసినవాళ్లు లినక్స్ కోడ్‌నూ ఓపెన్‌బీఎస్‌డీ కోడ్‌నూ రెంటినీ ఆధారం చేసుకున్నారు.