దొడ్డికి రెండు దారులు

ఊరి చేలల్లో పడి పంట మేసిన పశువును తోలుకొచ్చి, యజమాని జరిమానా కట్టి విడిపించుకొనేదాకా కట్టి ఉంచే చోటుకు తెలుగు పల్లెల్లో బందెలదొడ్డి అని పేరు. దాని ఉద్దేశం దయ కాదు, శిక్ష. అయినా పశువును ఎట్లా ఉంచాలో, ఎన్నాళ్లు ఉంచాలో, ఆ తర్వాత ఏం చేయాలో అక్కడ ముందే తేల్చిపెట్టి ఉండేది. బ్రిటిషు ఇండియాలో 1871లో వచ్చిన పశువుల అక్రమ ప్రవేశ చట్టం ప్రకారం దొడ్డి కాపరి వచ్చిన పశువు పోలికలను, వచ్చిన రోజును, వేళను, తెచ్చినవారి పేరును, తెలిస్తే యజమాని పేరును పుస్తకంలో రాయాలి, మేతా నీళ్లూ పెట్టాలి, ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు ఠాణాకు తెలపాలి, ఆ అధికారి ప్రకటన వేసి మరో ఏడు రోజులు చూసి వేలానికి పెట్టాలి. నిజాం ఏలుబడిలో నడిచి, 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండిన నారాయణఖేడ్ తాలూకాలో, అంటే నేటి తెలంగాణలోని కంగ్టి మండలం వైపున కూడా, దొడ్డి అనే మాట కొత్తది కాదు. లోపలికొచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి, రెంటికీ నడుమ ఒక పుస్తకం: శిక్ష కోసం కట్టిన దొడ్డికి ఉన్న ఈ మూడూ దయ కోసం కట్టిన కొన్ని ఆశ్రయాల్లో కనిపించకపోవడం విచిత్రం.

బయటికి పోయే దారి మూసుకుపోయిన ఆశ్రయం ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లీషులో యానిమల్ హోర్డింగ్ అనే మాట ఉంది. తెలుగులో దీనికి స్థిరపడిన పదం లేదు గనుక, ధాన్యాన్నో డబ్బునో కూడబెట్టినట్లు ప్రాణులను కూడబెట్టడం అని చెప్పుకోవచ్చు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య పరిశోధకుడు గ్యారీ పాట్రొనెక్ 1999లో దీనికి ఇచ్చిన నిర్వచనంలో పశువుల సంఖ్య ఒక్కటే కొలత కాదు; తిండి, శుభ్రత, వైద్యం కనీస స్థాయిలో కూడా అందకపోవడం, పశువులు చిక్కిపోతున్నా చనిపోతున్నా ఆ పరిస్థితిని గుర్తించి ఏమీ చేయకపోవడం అందులో ముఖ్యం. అందుచేత నలభై కుక్కలను సరిగ్గా సాకే ఇల్లు ఈ నిర్వచనం కిందికి రాదు, పన్నెండు కుక్కలను సాకలేక సాకలేక తలుపు మూసుకున్న ఇల్లు రావచ్చు. తర్వాతి పరిశోధకులు ఇట్లాంటివారిని మూడు రకాలుగా చూశారు: మొదట బాగానే సాకి, ఇంట్లో జబ్బో అప్పో వచ్చిపడి చేయి దాటిపోయినవారు, తాము తప్ప వీటికి దిక్కు లేదన్న నమ్మకంతో ఎక్కడ కనిపించినా తెచ్చుకొనేవారు, పశువుల మీద జాలి లేకుండా సొంత లాభానికే వాటిని చేర్చుకొనేవారు.  గుర్తుపట్టడం కష్టమయ్యేది రెండో రకాన్ని, ఎందుకంటే వారి మాటలు నిజమైన సంరక్షకుడి మాటల్లాగే ఉంటాయి, చాలాసార్లు వారు ఒకప్పుడు నిజమైన సంరక్షకులే అయి ఉంటారు.

తేడా మాటల్లో తెలియదు, కొట్టంలో తెలుస్తుంది. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు మండాయంటే అది పేడ వాసన కాదు, రోజుల తరబడి ఎత్తని ఉచ్చ నుంచి పుట్టిన అమ్మోనియా. మనిషి ఆ మంటకు పది నిమిషాల్లో బయటికి వస్తాడు, పశువు రాత్రంతా అందులోనే ఊపిరి తీస్తుంది. గాబులో నీళ్లుంటాయి, అంచున పాచి పట్టి ఉంటుంది. గాటిపాటు దగ్గర బలమైనవి ముందు నిలబడితే, డొక్కలు తేలి తుంటి ఎముకలు పొడుచుకొచ్చినవి వెనక నిలబడి వాటి మేత అయ్యేదాకా చూస్తుంటాయి. లెక్కకు మేత అన్నిటికీ వేసినట్లే ఉంటుంది. వచ్చిన దూడను వచ్చినట్లే మందలో కలిపితే గాలికుంటు వ్యాధి వంటి అంటురోగం ఎన్నింటికి పాకుతుందో పశువైద్యులకు తెలుసు గనుకనే, కొత్తదాన్ని కొన్నాళ్లు విడిగా కట్టాలని వారు పట్టుబడతారు. విడిగా కట్టడానికి చోటు కావాలి. ఆవుకు కప్పు కింద మూడున్నర, ఆరుబయట ఏడు చదరపు మీటర్లు ఉండాలన్నది మన దేశంలో సాధారణంగా చెప్పే కొలత.

తెలంగాణలో ఈ లెక్క అందరి కళ్లెదుటా తప్పిన చోటు వేములవాడ. రాజన్న గుడిలో కోడె మొక్కు చెల్లించే ఆచారం పాతది; భక్తులు కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు, కొందరు తమ కోడెనే దేవుడికి విడిచిపెడతారు, అట్లా విడిచినవి తిప్పాపూర్ గోశాలకు చేరతాయి. 2025 మే నెలాఖరున, సామర్థ్యానికి మించి కిక్కిరిసిన ఆ గోశాల వానలకు బురదైనప్పుడు కొద్దిరోజుల తేడాలోనే పలు కోడెలు చనిపోయాయి, ఆ తర్వాత అధికారులు కోడెలను రైతులకు ఉచితంగా పంచారు. అక్కడివారెవరినీ కూడబెట్టేవారని అనడం న్యాయం కాదు. మొక్కును కాదనే అధికారం గోశాల కాపరికి లేదు. ట్రాక్టరు వచ్చాక కోడెదూడకు పొలంలో పని తగ్గింది, 1977 నాటి చట్టం ఆవులను, దూడలను వధించరాదంటుంది, పాలు మాన్పించిన దూడను ఏం చేయాలో తోచని ఇంటికి దేవుడొక్కడే దారిగా కనిపిస్తాడు. భక్తి చల్లారకపోతే ప్రవాహం ఆగదు. పంచిపెట్టడమూ సులువు కాదు: అట్లా ఇచ్చిన కోడెలు అమ్ముడుపోయాయన్న ఆరోపణ 2024 చివర వచ్చింది. ఆరు నెలల తర్వాత ఆ కోడె ఎవరి కొట్టంలో, ఏ తీరున ఉందో చూసి రాసేవారు లేని పంపిణీని బయటికి పోయే దారి అనలేము.

కుక్కల విషయంలో ఈ దారి చట్టంలోనే ఉంది. 2001లో మొదట వచ్చి, 2023లో మారిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే వాటిని ఎక్కడో ఒకచోట ఉంచాలి, ఆ ఉంచే చోట్లు తామే కిక్కిరిసిన తిప్పాపూర్లు కాకుండా చూసుకోవడం మున్సిపాలిటీలకు, పంచాయతీలకు కొత్త పని అయింది.

కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న కంగ్టి వంటి మండల కేంద్రంలో పశువులకు ఆశ్రయం నడిపేవారికి హైదరాబాదులోని పెద్ద ఆశ్రయాల అండ దూరం. దేవణి కోడె అయితే, లాతూర్ నుంచి బీదర్ దాకా పేరున్న ఆ జాతిని కట్టుకొని దున్నేవారు ఇంకా ఉన్నారు గనుక, ఎవరో ఒకరు అడిగి తోలుకుపోవచ్చు. సంకరజాతి కోడెదూడను ఊరికే ఇస్తామన్నా తీసుకొనేవారు అరుదు. ఈ పనిలో అన్నింటికంటే కష్టమైన మాట, నేర్చుకోవడానికి ఏళ్లు పట్టే మాట, చోటు లేదు అనడం. అనుభవమున్న కాపరి ఆ మాట ఒంటరిగా అనడు; దూడను తెచ్చినవాడి ఇంట్లోనే పదిహేను రోజులు కట్టుకొమ్మని, గడ్డి మోపులు తానే పంపుతానని, పశువుల డాక్టరు ఫలానా రోజు వస్తాడని చెప్పి, దూడ చెవి మచ్చను, వయసును, తెచ్చినవాడి ఊరిని పుస్తకంలో రాసుకుంటాడు. దూడ ఇంకా ఆటోలోనే ఉంటుంది, తెచ్చినవాడికి కోపం వచ్చి ఉంటుంది.