తెరమీది ఆకాశము, మిద్దెమీది ఆకాశము

కర్నూలు, కడప ప్రాంతములలో మాఘమాసము మొదలు వైశాఖము వరకు మబ్బులేని రాత్రులే ఎక్కువ. వానకు మొగము వాచియుండు ఈ సీమలో ఆకాశ దర్శనమునకు మాత్రము కొరత లేదు. ఎండలు ముదిరిన తరువాత పల్లెలలో జనులు మిద్దెలమీద చాపలు పరచుకొని పడుకొందురు. ఐనను పదవ తరగతి విద్యార్థిని పిలిచి రోహిణి నక్షత్రమేదో చూపుమన్నచో చూపగలవాడు అరుదు. అతడు గ్రహముల పేర్లను వరుసగా వల్లించును. సూర్యకుటుంబము పటమును చక్కగా గీయును. తలయెత్తి అంగారకుని గుర్తింపలేడు. ఈ లోపమును తీర్చుటకు కొన్ని పాఠశాలలు కంప్యూటరు ప్రోగ్రాములను ఆశ్రయించుచున్నవి. వానిలో మిక్కిలి ప్రచారము పొందినది స్టెల్లేరియము. దానిని గూర్చిన పొగడ్తలు చాలవరకు న్యాయమైనవే. కాని అది కర్నూలు విద్యార్థికి ఎచ్చట తోడ్పడును, ఎచ్చట అడ్డువచ్చును అనునది వేరుగా విచారింపదగిన విషయము.

ఫ్రాన్సు దేశీయుడగు ఫేబియన్ షెరో 2000 సంవత్సరమున దీనిని ప్రారంభించెను. తరువాత పలు దేశములవారు స్వచ్ఛందముగా చేయి కలిపిరి. ఇరువది రెండేండ్లు గడచి, 2022 అక్టోబరు వచ్చువరకు దానికి 1.0 అను సంఖ్యనైన ఈయలేదు. తొందరపాటు లేని పని యని దీనివలన తెలియుచున్నది. దీనికి వెల లేదు. దాని మూల ప్రోగ్రామును ఎవరైనను చదివి సవరింపవచ్చును. ఒకసారి యంత్రములోనికి ఎక్కించుకొనిన పిమ్మట ఇంటర్నెట్టు అవసరము లేదు గనుక పల్లెలోని పాఠశాలకు ఇది పెద్ద మేలు. నూతన సంచికలు పాత కంప్యూటర్లలో నడువక మొరాయించును. అట్టిచోట పాత సంచికలతో సరిపెట్టుకొనవచ్చును. ఆరు లక్షలకు మించిన నక్షత్రములు అందు మొదటనే ఇమిడియున్నవి. కోరినచో ఇంకను పది కోట్లకు పైగా చేర్చుకొనవచ్చును. ఎంత చీకటి రాత్రియైనను మానవుని కంటికి ఒక్కమారు కనబడునవి సుమారు మూడు వేలు మాత్రమే. ఈ రెండు సంఖ్యల నడుమనున్న అంతరమును మరువక చూచినచో ప్రోగ్రాము గుణదోషములు రెండును బోధపడును.

ఇన్ని నక్షత్రముల స్థానములు ఎచ్చటినుండి వచ్చినవని విద్యార్థులు సాధారణముగా అడుగరు. వారిచేత అడిగింపవలెను. స్టెల్లేరియము చాలకాలము వాడిన పట్టికలలో 2000 సంవత్సరమున వెలువడిన టైకో-2 యొకటి. అందు 25 లక్షల నక్షత్రములు గలవు. ఐరోపా అంతరిక్ష సంస్థవారి హిప్పార్కస్ ఉపగ్రహము చేసిన కొలతలు దానికి ఆధారము. కాని నక్షత్రములు నిశ్చలములు కావు. ఒక్కొక్కటి ఏటేటా ఎంత జరుగుచున్నదో తెలియవలెనన్న పాత కొలతలు కూడ చేతిలో ఉండవలెను. ఆ పాత కొలతలలో ముఖ్యమైనవి 1887లో పారిస్ నగరమున జరిగిన సమావేశము తలపెట్టిన మహాపట్టికలోనివి. పలు వేధశాలలు ఆకాశమును వాటాలుగా పంచుకొని ఫోటో పలకలపై కొలిచినవి. హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలకు దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ లభించెను. ఆ పలకల కొలతలు టైకో-2 గణనలో చేరినవి. కనుక ఆ పట్టికతో నడచు తెరమీద కర్నూలు బాలుడు దక్షిణాకాశమును చూచునపుడు అందులో హైదరాబాదువారి చెమట కొంత ఉన్నదన్నమాట. ఈ సంగతిని ప్రోగ్రాము తనంతట చెప్పదు. పట్టికల పేర్లను మాత్రము ఒక మూల పేర్కొని ఊరకుండును. ఉపాధ్యాయుడే చెప్పవలసియున్నది.

ఇక పరీక్షకు దిగుదము. ఇంటర్నెట్టు లేని ప్రయోగశాలలో ప్రోగ్రామును మొదటిసారి తెరచినపుడు, స్థానము తెలియక, అది చూచువాడు పారిస్‌లో ఉన్నట్లు భావించును. ఇది చిన్న విషయమని అనేకులు సవరింపకయే ముందుకు సాగుదురు. ఫలితము చిన్నది కాదు. పారిస్‌లో ధ్రువనక్షత్రము 49 డిగ్రీల ఎత్తున నిలుచును. కర్నూలులో దాని ఎత్తు 16 డిగ్రీలకు మించదు. అగస్త్య నక్షత్రము పారిస్‌లో ఏనాడును ఉదయింపదు. కర్నూలులో అదే నక్షత్రము ఫిబ్రవరి నడుమ రాత్రి 9 గంటలకు దక్షిణమున 21 డిగ్రీలకు పైగా లేచి వెలుగుచుండును. ఆకాశమునందలి నక్షత్రములలో ప్రకాశమున రెండవదానిని పోగొట్టుకొనిన పాఠమును ఖగోళ పాఠమనుట ఎట్లు? ఎఫ్-6 మీటను నొక్కి అక్షాంశము 15.83, రేఖాంశము 78.04 అని ఇచ్చినచో కర్నూలు వచ్చును, కడపకు 14.47, 78.82. ఈ మార్పు చేసిన వెంటనే ఒక అందమైన పరీక్ష దొరకును. సంక్రాంతి గడచిన నాలుగైదు రోజులకు రాత్రి 9 గంటల వేళ రోహిణి కర్నూలువారి నడినెత్తికి ఒక్క డిగ్రీ లోపున వచ్చును. మిద్దెమీద వెల్లకిల పడుకొనిన పిల్లవానికి దానిని వెదకవలసిన పనియే లేదు.

స్థానము మార్చినను నేల మారదు. తెరమీద అడుగున కనబడు పచ్చని మైదానము, చెట్లు ఫ్రాన్సులోని గెరాన్ అను గ్రామమువి. మే నెలలో కర్నూలు నల్లరేగడి నెఱ్ఱెలు వాసి ఉండగా తెరమీద పచ్చిక మెరయుట కొంత హాస్యాస్పదము. నవ్వి ఊరకుండవచ్చును గాని, ఆ మైదానపు అంచు చదునైనది. కడపకు దక్షిణమున పాలకొండలు ఉన్నవి. త్రిశంకు మండలములోని అడుగు నక్షత్రము కడపలో గరిష్ఠముగా 12 డిగ్రీలు, కర్నూలులో 11 డిగ్రీలు మాత్రమే లేచును. మే నెల నడుమ రాత్రి 9 గంటలకు తెరమీద అది నిర్మలముగా నిలిచియుండును. బయటకు వచ్చిన విద్యార్థికి అచ్చట కొండయో, చెట్టో, వేసవి ధూళియో అడ్డుపడును. అంత తక్కువ ఎత్తున నక్షత్రకాంతి దట్టమైన గాలిపొరను దాటి రావలెను. ధూళి గల రాత్రి దాని ప్రకాశము మూడవ వంతునకు, అంతకంటె తక్కువకు కూడ దిగజారును. ప్రోగ్రాములో ఈ శోషణమును పెంచుటకును, ఊరి దీపముల వెలుగును తొమ్మిది తరగతులుగా మార్చుటకును ఏర్పాటులున్నవి. అవి ఉన్నవని తెలిసినవారు తక్కువ. మార్పక వదలివేసినచో విద్యార్థి తన కన్నులనే శంకించును.

కాలము విషయమున ప్రోగ్రాము తప్పు చేయదు, కాని తప్పు మనస్సులో నున్నవాని తప్పును చక్కగా బయటపెట్టును. ఇండియా ప్రామాణిక కాలము 82½ డిగ్రీల రేఖాంశమునకు చెందినది. కర్నూలు దానికి పడమటనున్నందున సూర్యుడు అచ్చట సగటున 18 నిమిషములు ఆలస్యముగా మధ్యాహ్నరేఖకు వచ్చును. కడపలో 15 నిమిషములు. భూమి నడకలోని హెచ్చుతగ్గుల వలన ఇది ఏడాది పొడుగునను ఒకే తీరున ఉండదు. కర్నూలులో ఫిబ్రవరి నడుమ 12 గంటల 32 నిమిషములకును, నవంబరు మొదట 12 దాటిన ఒకటి రెండు నిమిషములకే సూర్యుడు శిరోరేఖకు వచ్చును. సూర్యునిపై గుర్తునుంచి నొక్కినచో ఈ వేళలు తెరమీద చదువుకొనవచ్చును. దీనిని సరిచూచుటకు దూరదర్శిని అక్కరలేదు. పాఠశాల ఆవరణలో నిట్టనిలువుగా నాటిన ఒక ఇనుప ఊచ చాలును. మే 3, 4 తేదీలలో కర్నూలులో మధ్యాహ్నము సుమారు 12 గంటల 15 నిమిషములకు ఆ ఊచ నీడ మాయమగును. కడపలో ఏప్రిల్ 29 ప్రాంతముననే మాయమగును. మరల ఆగస్టులో ఇదే జరుగును గాని మబ్బుల వలన నమ్మకము లేదు. ప్రోగ్రాము చెప్పిన నిమిషమునకు నీడ నిజముగా తొలగినదా అని ముప్పది మంది పిల్లలు వంగి చూచినపుడు కంప్యూటరు తన విలువను సంపాదించుకొనును.

రాయలసీమ ఉపాధ్యాయునకు దీనికంటె గొప్ప అవకాశము కార్తెలలో గలదు. రైతు మృగశిర, ఆర్ద్ర కార్తెలను లెక్కించి విత్తనమును గూర్చి ఆలోచించును. రోహిణి కార్తెలో ఎండలకు రోళ్లు పగులునని అందరు అందురు. కాని ఆ కార్తెలో రోహిణిని చూపుమని అడిగినచో పెద్దలు సైతము తడుముకొందురు, ఏలనన అది అపుడు కనబడనే కనబడదు. కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రభాగమున నుండు కాలము. సూర్యునితో పాటు ఉదయించి సూర్యునితో పాటు అస్తమించు నక్షత్రమును ఎవరు చూడగలరు? ఈ చిక్కును నల్లబల్లమీద విడదీయుట కష్టము. స్టెల్లేరియములో జూన్ 1వ తేదీ మధ్యాహ్నమును పెట్టి ‘ఏ’ అను మీటను నొక్కినచో వాతావరణము తొలగిపోవును. నీలాకాశము నల్లబడి సూర్యునికి దక్షిణముగా ఐదారు డిగ్రీల దూరమున రోహిణి ప్రత్యక్షమగును. తాతలనాటి మాటకు అర్థము ఆ క్షణమున విడిపోవును. కంప్యూటరు తప్ప మరియొక సాధనము దీనిని ఇంత సులభముగా చూపజాలదు.

ఇంకొక అడుగు ముందుకు పోవచ్చును. సంవత్సరమును క్రీ.శ. 550కి మార్చినచో సూర్యుడు రోహిణి సరసకు జూన్‌లో గాక మే మొదటి పక్షముననే చేరును. అయనచలనము వలన కార్తెలు ఋతువులతో పోల్చినపుడు సుమారు 72 ఏండ్లకు ఒక దినము చొప్పున వెనుకబడుచున్నవి. పదునాలుగు వందల ఏండ్లలో ఇది మూడు వారములైనది. (1582కు ముందు తేదీలను ప్రోగ్రాము పాత జూలియన్ పంచాంగము ప్రకారము చూపును, ఇది తెలియక లెక్క వేసినవారు రెండు దినములు తప్పుదురు.) దీనినిబట్టి రైతు లెక్క తప్పని తీర్పు చెప్పుట మాత్రము తొందరపాటు. ఒక ఏట మృగశిరలో వాన పడుటకు, మరియొక ఏట పడకపోవుటకు కారణములు సముద్రములలోను గాలులలోను ఉన్నవి. అవి ఈ ప్రోగ్రామునకు తెలియవు.

పేర్ల విషయమున స్టెల్లేరియము నిరాశ కలిగించును. వివిధ జాతుల ఆకాశ కల్పనలను చూపు విభాగమున వేదకాలపు భారతీయ పద్ధతియని యొకటి గలదు. అందు నక్షత్ర మండలములు సంస్కృత నామములతో నున్నవి. కృత్తికలను పిల్లలకోడి యనియు, మృగవ్యాధుని నడికట్టులోని మూడు చుక్కలను గొర్రుకొయ్యలనియు పిలుచుకొను తెలుగు పల్లె అందు లేదు. గొర్రు పట్టి విత్తు సీమలో ఆ మూడు చుక్కలకు అంతకంటె తగిన పేరు దొరకదు. ఇది కర్తల దోషముగా ఎంచుట న్యాయము కాదు. ఈ విభాగములు సామాన్యమైన పాఠ్యపత్రములుగా కూర్పబడినవి, తెలిసినవారు వ్రాసి చేర్చుకొనవచ్చును. అవ్వలను అడిగి పేర్లు సేకరించు పని ఉన్నత పాఠశాల పిల్లలకు తగినదే.

అసలైన దోషము వేరొకటి. ఎలుక మీటను త్రిప్పిన మాత్రమున శని వలయములు తెరనిండ వ్యాపించును, మృగవ్యాధుని నీహారిక ఎఱ్ఱగా పూయును. అవి పెద్ద దూరదర్శినులతో చాలసేపు తీసిన ఛాయాచిత్రముల రంగులు. పాఠశాలకు వచ్చిన చిన్న దూరదర్శినిలో ఆ నీహారిక బూడిదరంగు మరకవలె కనబడును. తెరను ముందు చూచినవాడు నిట్టూర్చును. మరకను ముందు చూచి తరువాత తెరకు వచ్చినవాడు అది ఏమని అడుగును. కాబట్టి క్రమము ముఖ్యము. మొదట ఆరుబయట అరగంట. కన్నులు చీకటికి అలవాటు పడుటకే ఇరువది నిమిషములు పట్టును. చూచినదానిని కాగితముపై గీసికొనిన పిదప తెరతో పోల్చవలెను. యంత్రమును మిద్దెమీదికి తీసికొనిపోవలసి వచ్చినచో తెరను ఎఱ్ఱగా మార్చు ఏర్పాటును వాడవలెను, లేనిచో అలవాటైన చూపు ఒక్క క్షణమున చెడును.

ఆ ఫ్రెంచి మైదానమును కూడ తొలగింపవచ్చును. కోణమాపకమునకు దారముతో గుండు కట్టి, పాఠశాల ఆవరణ నడుమ నిలిచి, పది డిగ్రీల కొకచోట చొప్పున చుట్టునున్న కొండల, ఇండ్ల, చెట్ల కొనల ఎత్తును కొలిచినచో ముప్పది ఆరు జతల అంకెలు వచ్చును. ఆ అంకెలను ఒక పత్రములో వ్రాసి ఇచ్చిన ప్రోగ్రాము వానినే దిఙ్మండలముగా గ్రహించును. ఒక తరగతికి రెండు సాయంకాలముల పని. అపుడు త్రిశంకు ఆ ఆవరణ నుండి కనబడునా లేదా యని తెర నిజము చెప్పగలదు. దక్షిణపు గోడ ప్రక్కనున్న వేపచెట్టు పెరిగినకొలది ఆ పత్రమును ఏటేటా సవరించుకొనవలసి వచ్చును.