మన పేరుతో వెతికితే మనం దొరకం

ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చే మన పిల్లల్లో చాలామంది కాచిగూడలో రైలు దిగుతారు. అక్కడ లోకల్ రైలెక్కితే విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ. మేమూ అలా వచ్చినవాళ్లమే. వచ్చిన కొత్తలో యూనివర్సిటీ లైబ్రరీ అంటే మాకు ఒక రీడింగ్ హాలు మాత్రమే. సంచిలో మా గ్రూప్స్ పుస్తకాలు, డీఎస్సీ గైడ్లు, ఫ్యాను కింద ఒక సీటు. లోపలి అరల్లో ఏముందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పరిశోధన చేయాల్సిన రోజు వచ్చాక గానీ ఆ లోటు తెలియలేదు.

మొదట 'కోయ' అని వెతికాం. దొరికినవి కొన్నే. పాత రచయితలు 'కోయి' అని రాశారు, 'కోయితూర్' అని రాశారు. లంబాడీల గురించి కావాలంటే బంజారా, సుగాలి అని కూడా వెతకాలి. మనల్ని మనం పిలుచుకునే పేరు ఒకటి, పొరుగువాళ్లు పెట్టింది మరొకటి, సర్కారు జాబితాలో ఉన్నది ఇంకొకటి. కొన్ని పేర్లు మనసును నొప్పిస్తాయి. అయినా పాత పుస్తకాల తలుపులు ఆ పేర్లతోనే తెరుచుకుంటాయి. అన్నిటినీ ఒక కాగితం మీద రాసుకుని వెతకడం మొదలుపెట్టాలి.

పేరు తర్వాత అర. అనేక లైబ్రరీలు వాడే డ్యూయీ పద్ధతిలో 294.5 హిందూ మతానిది, 398 జానపదానిది, 305.8 జాతులకు సంబంధించింది. రామాయణం మతం అరలో ఉంటుంది. మన పేన్‌ల గాథ చాలాసార్లు జానపదంలోనో, జాతుల అరలోనో ఉంటుంది. ఒకరిది మతం, మరొకరిది కథ ఎలా అయింది? ఈ ప్రశ్న వేసుకుంటూనే మూడు అరలూ చూడాలి. కావలసిన పుస్తకం పక్కనున్న నాలుగైదు పుస్తకాలూ తీసి, చివరి పేజీల్లోని సూచిక చూసే అలవాటు చేసుకోవాలి.

ఆ అరల్లో మనకు తప్పకుండా ఎదురయ్యేవాడు హైమన్‌డార్ఫ్. జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన 1940 తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశాడు. ఉస్మానియాలో మానవశాస్త్రం చెప్పాడు. మనవాళ్లలో కొందరు ఆయన మాటను వేదంలా ఎత్తి రాస్తారు. కొందరు 'తెల్లవాడి రాత' అని పక్కన పడేస్తారు. రెండూ చదవకుండా చేసే పనులే. 1948లో వచ్చిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' గాథల మీద, పూజల మీద నిలిచిన పుస్తకం. ఆ గాథలను తరతరాలుగా నోట నిలుపుకున్నది పర్‌ధాన్‌లు. 1979లో అదే రచయిత 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' రాశాడు. అందులో బయటివాళ్ల చేతికి పోయిన భూముల బాధ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, ఈ ముప్పై ఏళ్లలో భూమికి ఏమైంది అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది. మంచి పరిశోధన అలాంటి ప్రశ్నతోనే మొదలవుతుంది.

దానికి జవాబు వెతకడానికి క్యాంపస్ దాటి తార్నాక వెళ్లాలి. అక్కడ రాష్ట్ర పురావస్తు పత్రాల కార్యాలయం, అంటే ఆర్కైవ్స్, ఉంది. విభాగం నుంచి లేఖ పట్టుకెళ్లి, జాబితా అడిగి, ఫైలు నంబరు తప్పకుండా రాసుకోవాలి. నిజాం కాలపు కాగితాల మీద ఫస్లీ సంవత్సరాలుంటాయి. వాటికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. గిరిజన ప్రాంతాల నిబంధన 1359 ఫస్లీ నాటిదంటే 1949 అని అర్థం. చాలా కాగితాలు ఉర్దూలో, పాతవి పార్సీలో ఉంటాయి. ఉర్దూ విభాగంలో చదివే మిత్రుడిని పక్కన కూర్చోబెట్టుకోవడం నామోషీ కాదు.

ఇక శోధ్‌గంగ. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు అందులో ఉచితంగా చదవొచ్చు. అక్కడ మేం చూసి సిగ్గుపడినది ఒకటుంది. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల్లో మన గురించి రాసిన మాటలు, నిన్న చూసినట్టుగా, ఎక్కడివో చెప్పకుండా, కొత్త గ్రంథాల్లోకి దిగాయి. వందేళ్ల కిందటి మాట ఈనాటి మన బతుకుగా చలామణి అవుతోంది. రేపు ఒక అధికారి దాన్నే చదివి మన మీద నిర్ణయం రాస్తాడు. పరిశోధకుడు కాపీ కొట్టినందుకు నష్టపోయేది గూడెం.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే. ఆశ్రమ పాఠశాలలోనే పిల్లలకు విషయసూచిక, చివరి సూచిక, అధోజ్ఞాపిక చూడటం నేర్పండి. పుస్తకాల బీరువా తాళం వాళ్ల చేతికివ్వండి. తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. తాత చెప్పిన మాట రాసేటప్పుడు, ఆయన ఒప్పుకుంటే, ఆయన పేరు, ఊరు, తేదీ కింద రాయండి. థర్‌స్టన్‌కు ఇచ్చే అధోజ్ఞాపిక తాతకూ ఇవ్వాలి. మన తర్వాత వచ్చే పిల్ల 'కోయ' అని వెతికితే, ఈసారి మనం రాసిన పుస్తకం దొరకాలి.